ఏఐ అంతా అంచనానేనా? చెన్నై పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఏఐ గురించే ఉన్నాయి, అదీ ఎక్కువగా చెన్నైలో ఉండే మనవాళ్ళ దగ్గర్నుంచే, అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు తీసేసి ఏరియాలు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా అబ్బాయి నా ఫోన్లో చాట్‌జీపీటీ పెట్టిచ్చాడు సార్. వరలక్ష్మీ వ్రతానికి ఏమేం కావాలో తెలుగులో అడిగితే టకటకా చెప్పేసింది. లోపల ఎవరైనా కూర్చుని టైప్ చేస్తున్నారా, లేక గూగుల్లో వెతికి ఇస్తోందా? ఇంట్లో ఎవర్ని అడిగినా "అది ఏఐ అమ్మా" అనేసి వెళ్ళిపోతున్నారు. (గృహిణి, పెరంబూరు)

జవాబు: మనిషెవరూ లేరమ్మా. ముందే రాసిపెట్టుకున్న జవాబులు కూడా ఏమీ లేవు. ఇప్పటిదాకా ఉన్న మాటలు చూడ్డం, తర్వాత ఏ మాట వస్తే కుదురుతుందో లెక్కెయ్యడం, ఆ మాట పెట్టి మళ్ళీ మొదట్నుంచి చూసుకుని ఇంకో మాట పెట్టడం, జవాబు అయిపోయేదాకా ఇదే పని. ఇంతేనా అనిపిస్తుంది, కానీ అసలు పని ఇదే.

నేను "తిరుమల వెళ్ళి స్వామివారి" అని ఆపేశాననుకోండి, మీ నోటికి వెంటనే "దర్శనం" వస్తుంది. "ప్రసాదం" కూడా రావచ్చు, "హుండీ" కూడా రావచ్చు, "స్కూటర్" మాత్రం రాదు. ఏఐ ఇలా ప్రతి మాటకీ ఒక నంబర్ వేస్తుంది, దీనికి ఇంత చాన్స్, దానికి అంత చాన్స్ అని. అదే వాక్యానికి ముందు "పక్కింటివాళ్ళకి లడ్డూలు పంచాలి" అని ఉంటే "ప్రసాదం" చాన్స్ పెరిగిపోతుంది. అంటే దగ్గర్లో ఉన్న మాటే కాదు, ఎక్కడో పైన ఉన్న మాట కూడా ఇప్పుడు రాబోయే మాట మీద ఎంత పని చెయ్యాలో అది లెక్క కడుతుంది. ఈ లెక్క బాగా కట్టే పద్ధతి 2017లో గూగుల్ పరిశోధకులు ఎనిమిది మంది కలిసి బయటపెట్టారు, దాని పేరు ట్రాన్స్‌ఫార్మర్, ఆ ఎనిమిది మందిలో ఆశిష్ వాస్వానీ, నికీ పర్మార్ అని మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు. చాట్‌జీపీటీలో చివర ఉండే టీ అదే.

మరి ఆ నంబర్లు వెయ్యడం దానికి ఎవరు నేర్పారు అంటే, ఇక్కడ పుట్టిన మన పిల్లల్నే చూడండి. ఇంట్లో తెలుగు, వీధిలోకి వెళ్తే తమిళం, ఎవరూ వాళ్ళకి తమిళ వ్యాకరణం చెప్పలేదు, విని విని తప్పులు మాట్లాడి, ఎదుటివాళ్ళు నవ్వితే సరిచేసుకుని, అయిదేళ్ళకల్లా గడగడా మాట్లాడేస్తారు. ఏఐకి కూడా వ్యాకరణం ఎవరూ చెప్పలేదు. ఇంటర్నెట్‌లో ఉన్నవి, పుస్తకాల్లో ఉన్నవి లెక్కలేనన్ని వాక్యాలు ఇచ్చి, తర్వాతి మాట దాచేసి, ఏంటో చెప్పమంటారు. తప్పు చెప్తే లోపలున్న అంకెల్ని ఒక్క పిసరు అటో ఇటో జరుపుతారు, మళ్ళీ ఇంకో వాక్యం, మళ్ళీ జరపడం. చాట్‌జీపీటీకి ముందు, 2020లో వచ్చిన జీపీటీ-3 లో అలాంటి అంకెలు 17,500 కోట్లు ఉన్నాయి. అది నేర్చుకున్నదంతా ఆ అంకెల్లోనే ఉంటుంది, వేరే పుస్తకం ఏదీ లోపల లేదు. ఆ తర్వాత మనుషులు కూర్చుని ఈ జవాబు బాగుంది, ఇది బాలేదు అని మార్కులు వేసి ఇంకొంచెం సరిచేస్తారు, అందుకే అంత మర్యాదగా మాట్లాడుతుంది.

పిల్లలకీ దానికీ పెద్ద తేడా ఒకటుంది. పిల్లలు చారు అనే మాట వింటూనే చారు తాగుతారు, నాలుక కాలితే ఏడుస్తారు. దీనికి రుచి తెలీదు, వేడి తెలీదు, చారు పక్కన ఏయే మాటలు వస్తుంటాయో మాత్రం మనందరి కంటే ఎక్కువ తెలుసు. ఇది గుర్తుంటే కింద వచ్చే జవాబులు చాలావరకు మీకే తట్టేస్తాయి. ఇక గూగుల్ సంగతి, కొన్ని యాప్‌లు ఇప్పుడు అవసరమైతే ముందు నెట్‌లో వెతికి, దొరికింది చదివి, అప్పుడు పైన చెప్పిన పద్ధతిలోనే జవాబు రాస్తున్నాయి. అలా వెతికినప్పుడు కింద లింకులు కనిపిస్తాయి, చూడండి.

ప్రశ్న: నేను ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాను. మా ఆఫీసులోకి కంప్యూటర్లు రావడం కళ్ళారా చూశాను. దానికీ ఈ ఏఐకీ తేడా ఏంటి? మా మనవడు చెస్ క్లాసుకి వెళ్తాడు, చెస్ ఆడే కంప్యూటర్ కూడా ఏఐనే తాతా అంటాడు. నిజమేనా? (విల్లివాక్కం)

జవాబు: మీ మనవడు చెప్పింది కరెక్టే సార్, చెస్‌తో చెప్తేనే తేడా బాగా తెలుస్తుంది కూడా.

మీ ఆఫీసులో జీతాల కంప్యూటర్‌కి బేసిక్ ఇంత, దాని మీద డీఏ ఇంత శాతం, పీఎఫ్ ఇంత కొయ్యాలి అని ఒక మనిషి రూల్ రాసిచ్చాడు, అది తు.చ. తప్పకుండా చేసింది. రూల్ రాయగలిగిన పనికి అది చాలు. 1997లో అప్పటి ప్రపంచ చెస్ చాంపియన్ కాస్పరోవ్‌ని 3.5-2.5 తో ఓడించిన ఐబీఎం డీప్ బ్లూ కూడా చాలావరకు ఈ దారిలోదే, సెకనుకి దాదాపు 20 కోట్ల పొజిషన్లు చూసేది, కానీ ఏ పొజిషన్ మంచిది ఏది కాదు అని తూచే పద్ధతి మాత్రం ఇంజనీర్లు, గ్రాండ్‌మాస్టర్లు కూర్చుని తయారు చేసి పెట్టారు. 2017 డిసెంబర్‌లో గూగుల్‌కి చెందిన డీప్‌మైండ్ వాళ్ళు ఆల్ఫాజీరో అని ఒకటి చూపించారు. దానికి పావులు ఎలా కదులుతాయో తప్ప ఏమీ చెప్పలేదు, ఒక్క పాత గేమ్ కూడా చూపించలేదు. తనతో తనే లక్షల గేములు ఆడుకుని, గెలిచినప్పుడు ఏం చేశానో ఓడినప్పుడు ఏం చేశానో దాన్నిబట్టి అంకెలు సవరించుకుంటూ, కొన్ని గంటల్లోనే అప్పటి గొప్ప చెస్ ప్రోగ్రామ్‌ని దాటేసింది. ఇప్పుడు అన్నానగర్‌లో, వేలచేరిలో పిల్లలు ప్రాక్టీస్ చేసే చెస్ ప్రోగ్రామ్‌లలో (వాటినే ఇంజిన్లు అంటారు) కూడా ఈ నేర్చుకునే భాగం ఉంది. మన తెలుగు కుటుంబంలో ఇదే ఊళ్ళో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబర్‌లో 18 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు కదా, ఆ తరం పిల్లల్లో చాలామంది ఇంజిన్ పక్కన పెట్టుకుని పెరిగినవాళ్ళే, గుకేశ్‌ని మాత్రం చిన్నప్పుడు కోచ్ ఇంజిన్‌కి దూరంగా ఉంచారు.

బొమ్మలు గుర్తుపట్టడం కూడా ఇలాగే మారింది. పిల్లిని గుర్తుపట్టడానికి రూల్ రాయండి చూద్దాం, చెవులు ఇలా, మీసాలు ఇలా అని మొదలుపెట్టి, పిల్లి అటు తిరిగి పడుకుంటే ఆగిపోతాం. 2012లో టొరంటో యూనివర్సిటీలో జెఫ్రీ హింటన్, ఆయన స్టూడెంట్లు ఇద్దరు, రూల్స్ రాయడం మానేసి 12 లక్షల ఫోటోలు చూపించి నేర్పారు, వాడింది పిల్లలు వీడియో గేములు ఆడుకునే గ్రాఫిక్స్ కార్డులు రెండు. ఫోటోలో ఏముందో గుర్తుపట్టే ఆ ఏడాది పోటీలో మిగతా వాళ్ళలో బెస్ట్ వాళ్ళకి 26 శాతం తప్పులొస్తే వీళ్ళకి 15 శాతమే వచ్చాయి. అక్కణ్ణుంచే ప్రపంచం మొత్తం ఇటు తిరిగింది. హింటన్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు.

ప్రశ్న: టీనగర్‌లో మాకు చీరల షాపు ఉందన్నా. ట్యాక్స్ విషయంలో ఒక సర్క్యులర్ గురించి ఒక ఏఐ యాప్‌ని అడిగితే నంబర్, తేదీతో సహా ఇచ్చింది. ఆడిటర్ చూసి అసలు అలాంటి సర్క్యులరే లేదన్నారు. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా, ఎందుకు అబద్ధం చెప్పింది?

జవాబు: అబద్ధం చెప్పాలంటే ముందు నిజం తెలిసుండాలి తమ్ముడూ. దానికి ఈ రెండూ వేర్వేరుగా లేవు. వేల సర్క్యులర్లు చదివింది కాబట్టి సర్క్యులర్ నంబర్ ఎలా ఉంటుందో, ఎక్కడ గీత వస్తుందో, తేదీ ఎలా రాస్తారో బాగా తెలుసు. నువ్వు అడిగావు, అక్కడ ఒక నంబర్ రావాలి, రావడానికి చాన్స్ ఉన్నట్టు కనిపించే నంబర్ ఒకటి పెట్టేసింది. సరైన జవాబు ఇచ్చినప్పుడు కూడా లోపల ఇదే జరుగుతుంది, అందుకే రెండూ ఒకే ధైర్యంతో చెప్తుంది, మాట తీరు చూసి మనం కనిపెట్టలేం. దీన్నే హాల్యూసినేషన్ అంటున్నారు. ఇంకో కారణం కూడా ఉంది, ఈ ఏఐ ప్రోగ్రామ్‌లకి (వీటినే మోడల్స్ అంటారు) పెట్టే పరీక్షలు చాలావాటిలో "నాకు తెలియదు" అన్న జవాబుకి సున్నానే, ఊహించి రాసింది తగిలితే మార్కు, ఇక దానికి ఊహించడమే అలవాటవుతుంది. కంపెనీలు దీన్ని తగ్గించే పనిలోనే ఉన్నాయి, తగ్గింది కూడా, పోలేదు.

2023లో న్యూయార్క్ కోర్టులో ఒక విమాన కంపెనీ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని అలాగే కాగితం మీద పెట్టి దాఖలు చేశారు. ఆ తీర్పులు ఎక్కడా లేవు. జడ్జి 5,000 డాలర్ల ఫైన్ వేశారు. చదువుకున్న లాయర్లకే అలా అయింది, కాబట్టి నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

నంబర్లు, తేదీలు, సెక్షన్లు, మందుల డోసులు, బ్యాంకు వివరాలు, ఇలాంటివి దాని జ్ఞాపకం మీద వదలొద్దు. అసలు సర్క్యులర్ సర్కారు సైట్‌లోంచి నువ్వే తెచ్చి దానికి ఇచ్చి, ఇందులో ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పు అని అడుగు. అప్పుడు ఎదురుగా కాగితం ఉంది కాబట్టి చాలా బాగా చెప్తుంది, అయినా ముఖ్యమైన లైను ఒకసారి కాగితంలో చూసుకో. లింకు ఇస్తే తెరిచి చూడు, తెరుచుకోకపోయినా, తెరిచాక అందులో ఆ విషయం లేకపోయినా పక్కన పెట్టెయ్. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు మాత్రం అందులో పెట్టొద్దు.

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఒకే యాప్‌లో ఒకే ప్రశ్న అడిగితే ఇద్దరికీ వేరే వేరే జవాబులు వచ్చాయి. కంప్యూటర్ అన్నాక ఒకే జవాబు రావాలి కదా సార్? (వేలచేరి)

జవాబు: పైన చాన్స్ నంబర్లు అన్నాను కదా, "దర్శనం"కి ఎక్కువ, "ప్రసాదం"కి కొంచెం అని, ప్రతిసారీ పెద్ద నంబర్ ఉన్న మాటే పెడితే రాసింది చప్పగా, చెప్పిందే చెప్పినట్టు ఉంటోందని, అప్పుడప్పుడు రెండోదాన్నో మూడోదాన్నో ఎంచుకునేలా కావాలనే పెట్టారు. ఒక్క మాట మారితే దాని తర్వాతవన్నీ మారతాయి. పైగా మీరిద్దరూ అంతకుముందు అదే చాట్‌లో ఏం మాట్లాడారో అది కూడా లెక్కలోకి వస్తుంది. వాక్యాలు మారడం వరకు ఓకే, ఒకరికి అవునని ఇంకొకరికి కాదని చెప్తే మాత్రం రెండూ నమ్మకుండా బయట కనుక్కోండి.

ప్రశ్న: డబ్బింగ్‌కి డైలాగులు రాస్తుంటాను. ఇంగ్లిష్‌లో అంత బాగా రాసే ఏఐ తెలుగులోకి వచ్చేసరికి ఎవరూ మాట్లాడని భాష రాస్తుంది. మన భాష దానికి రాదా? ఎప్పటికైనా వస్తుందా? (సాలిగ్రామం)

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరిది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

అది చదివిన దాన్నిబట్టే మాట్లాడుతుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 8 కోట్ల పైన, కానీ నెట్‌లో తెలుగు వాక్యాలు ఆ లెక్కలో లేనే లేవు. ఇంగ్లిష్ వికీపీడియాలో 65 లక్షలకి పైగా వ్యాసాలుంటే తెలుగులో లక్ష దరిదాపుల్లో ఉన్నాయి, అవి కూడా ఎంతోమంది జీతం లేకుండా కూర్చుని రాసినవే. ఇక ఉన్న తెలుగులో ఎక్కువ భాగం వార్తలు, సర్కారు ప్రకటనలు, మెషీన్ అనువాదాలు. మనం ఇంట్లో పోట్లాడుకునే తెలుగు, కూరగాయలు బేరమాడే తెలుగు, నెల్లూరు తెలుగు, వరంగల్ తెలుగు, సగం తమిళం కలిసిన మన చెన్నై తెలుగు ఇవేవీ సరిగ్గా కాగితం ఎక్కలేదు. వాట్సాప్‌లో రాసేదేమో ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తున్నాం. మరి దానికి ఆ తెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

రెండో ఇబ్బంది ముక్కలు చెయ్యడంలో ఉంది. ఏఐ మాటల్ని మనలా అక్షరం అక్షరం చదవదు, టోకెన్లు అనే ముక్కలుగా చేసుకుని ఒక్కో ముక్కకి ఒక నంబర్ ఇస్తుంది. ఆ ముక్కల పట్టిక ఎక్కువగా కనిపించే భాషని చూసి తయారవుతుంది. కంప్యూటర్ లోపల గుంటూరు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 6 బైట్లు, తెలుగు అక్షరాల్లో రాస్తే, గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్క కాబట్టి, 21 బైట్లు. ఇంగ్లిష్ మాట ఒకటి రెండు ముక్కల్లో అయిపోతే తెలుగు మాట చాలా ముక్కలవుతుంది. ఒక ముక్కకి ఇంత అని డబ్బులు తీసుకునే చోట తెలుగుకి ఎక్కువ ఖర్చు, టైము కూడా ఎక్కువ. మన భాషలో మాట పొడుగు, "చెప్పకపోయినప్పటికీ" అని ఒకే మాటలో పెట్టేస్తాం, అది ఎక్కడ విరిగితే అర్థం ఉంటుందో ఆ పట్టికకి తెలీదు. కొత్త మోడల్స్‌లో ఇది ముందుకంటే చాలా మెరుగైంది.

ఎప్పటికైనా వస్తుందా అంటే, వస్తుందనే నా నమ్మకం, దానికి పని మీ ఊళ్ళోనే జరుగుతోంది. ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ అని ఒక బృందం ఉంది, తెలుగుతో సహా రాజ్యాంగంలోని 22 షెడ్యూల్డ్ భాషలకి అనువాద మోడల్‌ని 2023లో తయారు చేసి ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చారు, జిల్లాజిల్లాకీ వెళ్ళి మామూలు మనుషుల గొంతులు కూడా రికార్డ్ చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి కూడా ఇలాంటి పనే. మీలాంటివాళ్ళు, అంటే మనిషి నోట్లోంచి ఎలా వస్తుందో అలా రాయగలిగేవాళ్ళు, దయచేసి తెలుగు లిపిలో రాయండి, వికీపీడియాలోనో మీ సొంత పేజీలోనో. మీకు హక్కులున్న రాతలే సుమా, సినిమా వాళ్ళకి రాసిచ్చినవి బయట పెట్టొద్దు. ప్రస్తుతానికి పనికొచ్చే చిట్కా కూడా ఒకటి, మీరు రాసిన డైలాగులు ఒక పది దానికి ముందు చూపించి, ఇదే ధోరణిలో రాయి అని అడగండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా పాప ప్లస్ టూ చదువుతోంది సార్. ఏఐ చదువుతానంటోంది. ఓఎంఆర్‌లో ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు తీసేస్తున్నారని విని మాకు భయంగా ఉంది. చదివించమంటారా? (తాంబరం)

జవాబు: నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో ఎవరైనా గ్యారంటీగా చెప్తే నమ్మకండి. ఇష్టంగా అడుగుతోంది కాబట్టి చదివించండి, కానీ ఏఐ అని బోర్డు పెట్టిన ప్రతి కోర్సుకీ డబ్బు కట్టకండి. ఇప్పుడు ఆమె లెక్కల పుస్తకంలో ఉన్న మాట్రిక్సులు, డెరివేటివ్‌లు, ప్రాబబిలిటీ, ఈ మూడే ఏఐకి పునాది. పైన అంకెల్ని ఒక్క పిసరు జరపడం అన్నానే, ఎటు జరపాలి ఎంత జరపాలి అని చెప్పేది డెరివేటివే. ఆ మూడూ నిజంగా అర్థమైతే టూల్స్ ఎన్ని మారినా నిలబడుతుంది. ఐఐటీ మద్రాస్ వాళ్ళ ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ జేఈఈ లేకుండా, వాళ్ళ సొంత అర్హత పరీక్షతో చేరేది, వేరే డిగ్రీ చదువుతూ కూడా చెయ్యొచ్చు, అది ఒకసారి చూడండి.

పాపకి రాజ్ రెడ్డి గారి గురించి చెప్పండి. 1937లో శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టారు, మన గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు పెట్టింది ఆ మెకార్తీనే. మనిషి మాటని మెషీన్ విని అర్థం చేసుకునేలా చెయ్యడం మీద రెడ్డి గారు దశాబ్దాలు పని చేశారు, 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు ఆయనకి వచ్చింది. ఈరోజు మనం ఫోన్‌తో మాట్లాడితే అది టైప్ చేస్తోందంటే ఆ దారి వేసినవాళ్ళలో ఆయనొకరు. సివిల్ చదివి అక్కడికి వెళ్ళారు, కాబట్టి ఏ బ్రాంచ్ వస్తుందో అని మరీ బెంగపడకండి.

ప్రశ్న: బాబూ, మా మనవడు బెంగళూరులో ఉంటాడు. వాడి గొంతుతోనే ఫోన్ వచ్చింది, యాక్సిడెంట్ అయింది అమ్మమ్మా వెంటనే డబ్బు పంపు అని. పక్కింటి అమ్మాయి ఆపింది. వాడు నిక్షేపంలా ఆఫీసులో ఉన్నాడు. గొంతు ఎలా వచ్చింది నాయనా? (అయనావరం)

జవాబు: ఆ అమ్మాయికి నా తరఫున కూడా థ్యాంక్స్ చెప్పండమ్మా. గొంతు కూడా మెషీన్‌కి అంకెలే. ఎంత ఎత్తులో మాట్లాడతారు, ఎక్కడ ఊపిరి తీస్తారు, ఏ అక్షరం ఎలా పలుకుతారు అని వేలమంది గొంతులు విని ముందే నేర్చుకుని ఉంటుంది, కాబట్టి కొత్త మనిషి గొంతు కొంచెం వినిపిస్తే చాలు, దాన్ని పట్టేసి ఏ మాటలైనా ఆ గొంతులో పలుకుతుంది. 2023 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 3 సెకన్ల రికార్డింగ్‌తో చేసి చూపించారు. మీ మనవడు ఎక్కడైనా వీడియో పెట్టుంటే అది చాలు.

గొంతు విని నమ్మే రోజులు పోయాయమ్మా, అది మీ తప్పు కాదు, చదువుకున్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు. ఇలాంటి ఫోన్ వస్తే ఎంత ఏడ్చినా సరే పెట్టెయ్యండి, పెట్టేసి మీ ఫోన్లో ఉన్న మనవడి నంబర్‌కి మీరే చెయ్యండి. వాడు ఎత్తకపోతే వాళ్ళ అమ్మకో నాన్నకో చెయ్యండి. మీ ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక మాట అనుకుని పెట్టుకోండి, డబ్బు మాట వస్తే ఆ మాట చెప్పమనండి, అది మాత్రం ఎక్కడా ఫోన్లో రాయొద్దు. ఎవరితోనూ చెప్పొద్దు, ఫోన్ పెట్టొద్దు అని వాళ్ళు తొందరపెడితే అది మోసమే అనుకోండి. ఒకవేళ డబ్బు వెళ్ళిపోయినా కూర్చుని ఏడవకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, దేశం మొత్తానికి సైబర్ మోసాల నంబర్ అదే, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. మీ బ్యాంకుకి కూడా చెప్పండి. ఈసారి డబ్బు పోకపోయినా ఆ ఫోన్ వచ్చిన నంబర్ మీ దగ్గర ఉంటుంది కదా, మనవడితో చెప్పి ఫిర్యాదు చేయించండి.